స్పీకర్లకు గలీబులు

ఈ కాలం పిల్లలు స్పీకరు కొనే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మంచం మీద దొర్లుతూ ఫోన్లో బొమ్మ చూస్తారు, ఊరూ పేరూ తెలియనివాడెవడో ఇచ్చిన చుక్కలు లెక్కపెడతారు, మర్నాటికి అట్టపెట్టె గుమ్మంలో ఉంటుంది. వినకుండా స్పీకరు కొనడమేమిటి, మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్నట్టు? మా రోజుల్లో అలా కాదు. నేను నా మొదటి హోం థియేటరు కొనడానికి మూడు నెలలు తిరిగాను. విన్నాను, మళ్లీ విన్నాను, షాపువాళ్లు నన్ను చూసి షట్టరు దించుకునేదాకా విన్నాను. అంత వినీ నేను కొన్నదేమిటో తెలిశాక ఈ పిల్లల మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను. ఈ వయసులో ఆ మాత్రం లేకపోతే పొద్దు గడవదు.

అప్పటికి రెండువేల సంవత్సరం వచ్చి ఒకటి రెండేళ్లయింది. నాకు ఇంకా నలభై నిండలేదు. హార్బరు దగ్గర ఓడలు బాగుచేసే ఒక ప్రైవేటు షెడ్డులో పని. ఓడ రేకుల మీద పట్టిన తుప్పుని సుత్తులతో, గాలి మిషన్లతో రాలగొట్టాలి. ఇనప తొట్టె లోపల కూర్చుని పదిమంది ఒకేసారి కొడితే ఎలా ఉంటుందో నేను రాయలేను, మీరు ఊహించుకోవాల్సిందే. సాయంత్రం బయటికి వస్తే ఎదురుగా సముద్రం కూడా నోరు మూసుకుని ఉన్నట్టుండేది (అది సముద్రం నెమ్మదితనం అనుకునేవాణ్ణి). నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నా బడి పూర్ణా మార్కెట్టులో పాతకాగితాల కొట్టు. అక్కడ తూకానికి అమ్మే రేడియో రిపేరు పుస్తకాలు తెచ్చుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో పేజీ వారం రోజులు చదివేవాణ్ణి. అలా చదివీ విప్పీ బిగించీ కొంత తెలిసింది. మా పాతపోస్టాఫీసు వీధుల్లో ఎవరు టేపురికార్డరు కొన్నా నన్ను వెంటబెట్టుకుని వెళ్లడం ఆనవాయితీ అయిపోయింది. నేను షాపులో కళ్లు మూసుకుని, తల కొంచెం ఎడమకి వంచి, విని, ‘తీసుకోవచ్చు’ అంటే అప్పుడు జేబులో చెయ్యి పెట్టేవారు. నన్ను ‘చెవిగారు’ అని పిలిచేవారు. ఇంకొకడైతే వెక్కిరింత అనుకునేవాడు, నేను బిరుదు అనుకున్నాను. ఇంగ్లీషు చదువుకున్న బ్యాంకు ఆఫీసరు కూడా రేడియో కొనేముందు మా మెట్లెక్కి వచ్చేవాడంటే అది నా చెవి చలవే. అది తీసేస్తే నాలో మిగిలేది తుప్పు రాలగొట్టే మనిషి ఒక్కడే.

ఇందరికి కొనిపెట్టినవాడి ఇంట్లో మాత్రం గొంతు జీరబోయిన పాత టేపురికార్డరు ఉండేది. ఆ మాట పైకి అన్నది మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య. పోర్టులో క్రేను నడిపేవాడు. “అందరిళ్లల్లోనూ సౌండు ఎట్టినావు, నీ ఇంట్లో ఈ దగ్గేటి బావా?” అన్నాడు ఒకరోజు టీ తాగుతూ. అంతే. అప్పుడప్పుడే హోం థియేటర్లు ఊళ్లోకి వస్తున్నాయి. టీవీకి అటూ ఇటూ రెండు పొడుగు స్పీకర్లు, మధ్యలో ఒకటి, వెనక గోడకి రెండు, మూలకి బాసు డబ్బా, వీటన్నిటికీ ఎవరి వాటా సౌండు వాళ్లకి పంచే రిసీవరు అనే పెద్ద పెట్టె. కొంటే అదే కొనాలనుకున్నాను.

ఆ మూడు నెలలూ జగదాంబ నుంచి డాబా గార్డెన్స్ దాకా నేను గొడవపడని షాపు లేదు. చెప్పుల పెట్టెంత డబ్బా మీద రెండువేల వాట్లు అని రాసేవారు. “బాబూ, ఇది నిజంగా అంత కరెంటు లాగితే మీ ఫ్యూజుతో పాటు ఎదురు హోటల్లో రుబ్బురోలు కూడా ఆగిపోవాలి” అన్నాను ఒకాయనతో. అవి పీఎంపీఓ వాట్లు సార్ అన్నాడు. పీఎంపీఓ అనేది అబద్ధానికి పెట్టుకున్న పొట్టిపేరని అక్కడున్న కొనేవాళ్లందరికీ అర్థమయ్యేలా అరగంట చెప్పాను. ఇద్దరు కొనకుండా వెళ్లిపోయారు. షాపాయన నాకు కూల్‌డ్రింకు తెప్పించి, తాగి మీరూ వెళ్లండి సార్ అన్నాడు. ఆ విషయంలో నేను ఇప్పటికీ తగ్గను. వాట్ల గురించి నేను చెప్పింది ప్రతి అక్షరం నిజం. రిసీవరు కూడా మంచిదే ఎంచాను. నా కాళ్లకింద నేల మాత్రం స్పీకర్ల దగ్గర జారింది.

ఆఖరికి డాబా గార్డెన్స్‌లో ఒక ఏసీ షాపులో రెండు జతలు మిగిలాయి. ఆరోజు బావనీ మా ఆవిణ్ణీ కూడా తీసుకెళ్లాను, తీర్పు చెప్పేటప్పుడు సాక్షులుండాలి కదా. నా పరీక్ష డిస్కు ఒకటుంది, నాట్యం పాటలది. అందులో మృదంగం ఆగిన చోట గజ్జెలు సన్నగా మోగుతూ దగ్గరికొస్తాయి. గజ్జెలు పలికించలేని స్పీకరు నా లెక్కలో స్పీకరే కాదు. మొదటి జత చెక్కరంగు పెట్టెలు. మృదంగం నిండుగా వచ్చింది, గొంతు తేనెలా వచ్చింది, గజ్జెలు మాత్రం రాలేదు. “గజ్జెలేవీ?” అన్నాను. షాపాయన బావ వైపు చూశాడు. బావ వాళ్ల చెల్లెలి వైపు చూశాడు. “ఇనబడతన్నాయి కదేటి బావా” అన్నాడు మెల్లిగా. ఆ క్రేను మోతకి నీ చెవులు పోయాయిలే, నువ్వు ఊరుకో అన్నాను (ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ కలం ఆగుతుంది).

రెండో జత నల్లరంగు పొడుగు పెట్టెలు. పెట్టగానే గజ్జెలు వచ్చాయి. ఇంకొంచెం స్పష్టంగా రావాలని రిసీవరు మీద సన్నటి శబ్దాల్ని పెంచే ట్రెబులు మీట చివరిదాకా తిప్పించాను. అబ్బ, ఆ పాదాలు నా ముందే నడిచాయి. కళ్లు తెరిచి చూస్తే మా ఆవిడ కొంగు చెవుల మీదుగా లాక్కుని గట్టిగా పట్టుకుని కూర్చుంది. పాపం చలేస్తోందనుకుని షాపాయన్ని ఏసీ తగ్గించమన్నాను. అటుతర్వాత ఆవిడ, మొదటివే బాగున్నాయేమోనండీ అని ఒక్కసారి అంది. నేను చూసిన చూపుకి, సరే మీకు తెలిసినంత మాకేం తెలుస్తుందిలెండి అంది. నల్లవే కొన్నాం.

మా పాత ఊళ్లో కాపురం చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, గాలి హార్బరు వైపు నుంచి తిరిగిందంటే కిటికీ గట్ల మీద నల్లటి దుమ్ము. అందుకని ఏ వస్తువు ఇంట్లోకి వచ్చినా వారం తిరిగేలోగా దానికి గుడ్డ గలీబు కుట్టేస్తారు. టీవీకి, మిక్సీకి, కుట్టు మిషనుకి, ఆఖరికి గలీబులు పెట్టుకునే పెట్టెకి కూడా. మా ఆవిడ స్పీకర్లకి మూడో రోజుకే కుట్టేసింది, నా పాత షెడ్డు చొక్కాలు కోసి. పైభాగమంతా దళసరిగా, కింద పల్చగా. ఎప్పుడూ చక్కగా కుట్టే మనిషి ఇంత వంకరగా కుట్టిందేమిటా అనుకున్నాను. గలీబు వేస్తే గజ్జెలు మాయం. “స్పీకరుకి ముసుగేస్తే పాట ఎక్కణ్ణుంచి వస్తుంది?” అని ఎగిరాను. “దుమ్ము దూరిపోతాదండీ. రేపు పాడైతే మళ్లీ మీరే అన్నం మానేత్తారు” అంది. నేను తీసేవాణ్ణి, ఆవిడ వేసేది. నెల రోజులు ఇదే పని. చివరికి ఒప్పందానికొచ్చాం: వారమంతా గలీబులు ఉంటాయి, ఆదివారం పొద్దున్న మాత్రం రెండు గంటలు తీస్తాను.

ఆ ఆదివారాల గురించి చెప్పాలి. నేను గలీబు ముళ్లు విప్పుతూ ఉండగానే మా ఆవిడ చేపలకని సంచీ పట్టుకుని బయల్దేరేది. మూరెడు దూరంలో ఉన్న బజారు నుంచి రెండు గంటలకి గాని వచ్చేది కాదు. కిందవాటా మామ్మగారికి సరిగ్గా ఆ వేళకే దైవభక్తి పొంగేది, గుడికి వెళ్లిపోయేవారు. ఎదురింటివాళ్లు కిటికీలు వేసుకునేవారు, దుమ్ము భయమనుకున్నాను. బావ ఒక ఆదివారం మొహమాటానికి కూర్చుని మొదటినుంచి చివరిదాకా విని, “సౌండు బాగుంది బావా. మరీ బాగుంది” అని లేచాడు. మళ్లీ ఆదివారం పూట మా ఇంటికి రాలేదు. నేను మాత్రం ఒక్కణ్ణీ కళ్లు మూసుకుని, తల ఎడమకి వంచి, వీధిలో ఇంత భక్తీ ఇంత శుభ్రతా పెరిగినందుకు సంతోషిస్తూ వినేవాణ్ణి.

ఇలా ఏళ్లు గడిచాయి. షెడ్డు మానేశాక ఇంట్లో ఎక్కువ సేపు ఉండడంతో, నేను పలకడం లేదని మా ఆవిడా, ఆవిడ గొణుగుతోందని నేనూ దెబ్బలాడుకోవడం ఎక్కువైంది. బావే నన్ను మహారాణిపేటలో ఒక చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. అక్కడొక అమ్మాయి అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. మొదట్లో బాగానే నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు ఓపిక పట్టి బయటికొచ్చి, “అమ్మా, మీ హెడ్‌ఫోన్లో ఎక్కడో తీగ తెగింది. స్క్రూడ్రైవరుంటే ఇవ్వండి, ఐదు నిమిషాల్లో చేసిపెడతాను” అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. అందుకు ఆమెకి రుణపడి ఉన్నాను. కాగితం మీద గీత చూపించింది. ఆ గీత కొంతదూరం తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి యారాడ కొండ సముద్రంలోకి దిగినట్టు దిగిపోయింది. సన్నటి శబ్దాలు మీకు అందవు, ఇది ఇప్పటిది కాదు తాతగారూ, పాతికేళ్ల కిందటే మొదలై ఉంటుంది అంది.

పాతికేళ్లు. వెనక్కి లెక్కవేసుకుంటూ ఆటోలో కూర్చున్నాను. గజ్జెల దగ్గర ఆగాను. బావ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు, నా వైపు తిరగలేదు.

రెండు వారాలకి చెవికి మిషను వచ్చింది. ఇంటికి రాగానే గలీబులు విప్పి, అదే డిస్కు పెట్టి, ట్రెబులు ఎప్పట్లా చివరికి తిప్పాను. గజ్జెలు వచ్చాయి. నాట్యం కాదది, రేకు డబ్బాలో మేకులు పోసి ఎవరో నా చెవిలో ఆడించినట్టుంది. చేతులు వాటంతట అవే చెవుల మీదికి వెళ్లాయి. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. సంచీ పట్టుకుని బజారుకి పోలేదు ఆరోజు.

నేను లేచి గలీబు మళ్లీ తొడిగాను. తొడుగుతుంటే పైభాగం చేతికి తగిలింది. అది నా షెడ్డు చొక్కా జేబు. జేబు నిండా దూది కూరి నోరు కుట్టేసింది. సన్నటి శబ్దం పలికే ట్వీటరు మీదికి సరిగ్గా, గీత గీసినట్టు, ఆ జేబు వచ్చింది. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ కొలత నేనైనా అంత బాగా తీయలేను. గలీబుతో పాట మళ్లీ పెట్టాను. మృదంగం ఆగింది. గజ్జెలు సన్నగా, ఎక్కడో వసారాలో మొదలై, మెల్లిగా దగ్గరికొచ్చాయి.

“ఇక్కడ దూది పెట్టాలని నీకెవరు చెప్పారు?” అన్నాను.

“ఎవులు సెప్తారు. సూదుల్లాగ గుచ్చేది ఆ పైనున్న సిన్న గుండ్రం కాడ్నుంచే కదా. కిందున్న పెద్ద గుండ్రం పాపం ఏటీ సెయ్యదు.”

“మరి నాకెందుకు చెప్పలేదు, ఇన్నేళ్లు?”

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఈనె తీసి, గిన్నెలో వేసి, అప్పుడు మాట్లాడింది. “వీధిలో ఏ ఇంట్లో సూసినా మీ సెవి సెప్పిన పెట్టే. పెద్ద పెద్దోళ్లు మెట్లెక్కి వచ్చేవోరు మీకోసం. ఆ సెవే బాగోలేదని నాను సెప్పాలా?”

తల ఎడమకి వంచి కూర్చుని డిస్కు అయిపోయేదాకా విన్నాను.

ఇప్పటికీ వీధిలో పాతవాళ్లు ఒకరిద్దరు, స్పీకర్లు కొనాలి చెవిగారూ, ఒకసారి రండి అని అడుగుతూనే ఉంటారు. వాట్ల సంగతి చెప్పడానికి నేను వెళ్తాను, అది వేరెవరూ సరిగ్గా చెప్పలేరు. పాట పెట్టేటప్పుడు మాత్రం మా ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టమంటాను. ఆవిడ కొంగు చెవి మీదికి లాక్కుంటే ఆ జత వదిలెయ్యండి అంటాను. ఏసీ జోలికి వెళ్లొద్దని కూడా చెబుతాను.