మిషను మాటలూ, కామేశ్వర్రావుగారి మాటా

పార్శిల్ విప్పగానే గంజి వాసన ఇల్లంతా పరుచుకుంది. నేను ప్రతిదీ పదింతలు చేసి చెబుతానని మా ఆవిడ అభియోగం. కానీ ఆ వాసన పక్క ఫ్లాటువాళ్ళ ఇంగువ పోపుని ఓడించి, లిఫ్టులో కిందికి దిగి, వాచ్‌మన్‌ని కూడా పలకరించి వచ్చిందని ప్రమాణం చేసి చెప్పగలను. బండారులంక చీర. వంగపండు రంగు, సన్నటి అంచు. అది నేసిన మంగతాయారుగారు ముందురోజే ఫోన్ చేసి చెప్పారు.

"కామేశ్వర్రావుగారు పోయేరండి, బాబ్జీగారూ. నిద్రలోనేనండి. మీ ఇంట్లోవారికి చీర పంపేనండి. అందులో కండెలు ఆయన చుట్టినవేనండి. ఆఖరివి."

నేత నేసేటప్పుడు అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలుచుట్టని కండె అంటారు. అమలాపురంలో ఒక కంపెనీకి మేనేజరుగా టై కట్టుకుని కూర్చున్న మనిషి కండెలు చుట్టడం దాకా ఎందుకు వచ్చారో మీకు చెప్పాలంటే, ముందు మా ఆఫీసు చూపించాలి.

గల్ఫ్‌కి పనివాళ్ళని పంపే కంపెనీ అది. హెడ్డాఫీసు హైదరాబాదులో, మా బ్రాంచి అమలాపురంలో ఒక మందులషాపు మీది గదిలో. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అక్కడ నేను కంప్యూటర్ ఇంజనీర్ని, అంటే ఆ ఒక్క కంప్యూటరుకీ కాపలాదారుని. అది ఆన్ అయ్యేలోపు ఓ లారీడు కొబ్బరికాయలు ఒలిచి, పీచు ఎండబెట్టుకోవచ్చు. కామేశ్వర్రావుగారు మా మేనేజరు. ఆయన మర్యాద ఎంతటిదంటే, అమలాపురంలో మొదలెట్టిన వాక్యం అండీలు అన్నీ సర్దుకుని పూర్తయ్యేసరికి బస్సు మామిడికుదురు దాటేది. మెట్లమీద పడుకునే కుక్కని కూడా "కాస్త జరుగుతారా అండీ" అనేవారు. అది జరిగేది కూడా.

ఆయనకో ఊతపదం ఉండేది: "పూచీ నాదండీ." మా వైపు ఈ మాట చాలామంది అంటారు, కులాసాయా అని అడిగినంత తేలిగ్గా. వినేవాళ్ళూ అంతే తేలిగ్గా వింటారు. ఈయనతో చిక్కు ఏమిటంటే, అన్నాక దాన్ని పట్టుకుని కూర్చునేవారు. ఓ సాయంత్రం బస్టాండులో ఎవరో ముసలావిడ రాజోలు బస్సు వస్తుందా అని అడిగితే, "వస్తుందమ్మగారూ, పూచీ నాదండీ" అన్నారట. బస్సు రాలేదు. ఆవిడనీ, ఆవిడ అరటిగెలనీ స్కూటరెక్కించుకుని, గోదారిజిల్లా మొత్తం మీద పడాల్సిన వాన తనొక్కరే మీద వేసుకుని రాజోల్లో దింపి వచ్చారు. మర్నాడు తుమ్ముతూ, "బస్సు మీద మనకేం అధికారం అండీ? మాట మీద ఉంది కదండీ" అన్నారు.

ఊళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. భర్తలకి ఫోన్ చేస్తే ఖరీదు, ఉత్తరం రాస్తే ఆలస్యం. అందుకని వాళ్ళు చెబుతుంటే నేను తెలుగు మాటల్ని ఇంగ్లీషక్షరాల్లో టైపు చేసి మెయిలు పంపేవాణ్ణి. ఇది కంపెనీ పని కాదు, కామేశ్వర్రావుగారి పని. ఇలా ఉండగా హెడ్డాఫీసునుంచి హుకుం వచ్చింది. బయటికెళ్ళే ప్రతి మెయిలు అడుగునా ఒక డిస్‌క్లెయిమర్ దానంతటదే అతుక్కోవాలి. వాళ్ళు ఫోన్లో చెబుతుంటే నేను అమర్చాను. ఇందులోని అభిప్రాయాలు రాసినవారి సొంతం, కంపెనీకి ఏ బాధ్యతా లేదు, మీది కాకపోతే వెంటనే చెరిపెయ్యండి అని దాని సారాంశం. రాసేవాడికి అది కనబడదు. అందుకునేవాడికే కనబడుతుంది.

వారం తిరక్కుండా గల్ఫ్ నుంచి ఒకాయన ఫోన్ చేసి నిప్పులు కక్కాడు. "మా బుజ్జిగాడికి పళ్ళొచ్చేయని మా ఆవిడ రాయించింది. బానే ఉంది. కింద కంపెనీకి బాధ్యత లేదంటారేంటండీ? మిమ్మల్నెవరు అడిగేరండీ?"

నేను కుర్చీలోంచి పడేంత నవ్వాను. కామేశ్వర్రావుగారు నవ్వలేదు. ఆ పేరా అచ్చుతీయించుకుని రెండుసార్లు చదివారు.

"భోజనానికి పిలిచి, విస్తరేసి, వడ్డించి, అరక్కపోతే మాకు సంబంధం లేదని చెవిలో చెప్పినట్టుందండీ బాబ్జీగారూ. తీసెయ్యకూడదా అండీ?"

"తీసేస్తే నన్ను తీసేస్తారండీ."

"ఆయ్, అయితే ఉంచండి. దానిపైన నాదో ముక్క పెట్టుకుంటాను."

అప్పట్నుంచీ తను పంపే ప్రతి మెయిలు చివరా ఒంటివేలితో కొట్టుకునేవారు: "కింద వచ్చేవి మిషను మాటలు. పైన రాసినవి నావి. వాటికి పూచీ నాది."

బండారులంక నరసింహంగారిని కూడా మా కంపెనీయే పంపింది. మగ్గం మీద పని తగ్గి, గోడౌనులో సామాను సర్దే పనని వెళ్ళారు. ఓ మధ్యాహ్నం ఆయన భార్య మంగతాయారుగారు కూతుర్ని చంకనేసుకుని వచ్చి కూర్చుంటే, నేను ఆయన మెయిలు చదివి వినిపించాను. "చెప్పిన పని కాదండి. ఎండలో ఇనుం మోయిస్తన్నారు. గుండెల్లో పట్టేస్తంది. ఇంటికొచ్చేస్తానండి, చూడండి."

ఆవిడ చంకలో పిల్లని ఈ పక్కనుంచి ఆ పక్కకి మార్చుకుంది. కామేశ్వర్రావుగారు నన్ను లేవమని, నా కుర్చీలో తను కూర్చున్నారు. "నరసింహంగారూ, ధైర్యంగా ఉండండి. మిమ్మల్ని ఇంటికి చేర్చే పూచీ నాది." దాని కింద మామూలు ముక్క. దాని కింద, మాకెవరికీ కనబడకుండా, మిషను ముక్క.

హెడ్డాఫీసు ఫోన్లో అరుస్తుంటే నాకు ఇవతలికే వినిపించింది. "మాటివ్వడానికి మీరెవరండీ? కాంట్రాక్టు పూర్తి చెయ్యమనండి. మెయిలు కింద డిస్‌క్లెయిమర్ ఉంది కదా, అది మీ సొంత అభిప్రాయం!"

"ఆయ్, నా సొంతమేనండి. అందుకేనండీ అడుగుతున్నాను."

ఫోన్లో పని కాలేదు. హైదరాబాదు వెళ్ళి యజమాని గది బయట బల్లమీద కూర్చున్నారు. పొద్దున్నే వెళ్ళడం, వాళ్ళు తాళం వేస్తుంటే లేవడం. ఆయన మర్యాదకి తట్టుకోలేక ఆఫీసు మొత్తం దండం పెట్టిందని తరవాత నేనే ఊరంతా ప్రచారం చేశాను. నిజానికి విసుగెత్తి ఒప్పుకున్నారు. బస్సు దిగి, ఇంటికి వెళ్ళకుండా సంచితో సహా ఆఫీసుకి వచ్చేశారు. మొహం పెళ్ళి కుదిరినవాడిలా ఉంది.

"టిక్కెట్టు ఇస్తామన్నారండీ! ముందు ఆయనకి రాయండి."

కంప్యూటరు ఆన్ చేశాను. ఎన్నడూ లేనిది, ఆరోజు తొందరగా ఆన్ అయింది. నరసింహంగారి గదిలో ఉండే కుర్రాడి మెయిలు అప్పటికే వచ్చి ఉంది. ఆయన పనిచేస్తూ చేస్తూ కూలిపోయారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందట.

కామేశ్వర్రావుగారు సంచి కింద పెట్టలేదు.

విమానాశ్రయానికి ఆయనే వెళ్ళి పెట్టె దింపించుకుని, వ్యానులో పక్కన కూర్చుని బండారులంక తీసుకొచ్చారు. ఇంటికి చేర్చారు. కార్యక్రమాలన్నీ అయ్యాక మంగతాయారుగారు మా ఇద్దర్నీ చూసి నెమ్మదిగా అడిగింది.

"ఆయన సామాన్లో వచ్చిన మీ మెయిలు కాయితం మా మరిది చూసేడండి. కింద ఎవరికీ బాధ్యత లేదని ఉందంట కదండీ. మరి పూచీ ఎవరిదండి?"

హాస్యగాడికి పనికిరాని క్షణాలు కొన్ని ఉంటాయి.

"నాదేనమ్మా," అన్నారాయన.

తరవాత ఉద్యోగం వదిలేశారు. మంగతాయారుగారు భర్త మగ్గం మీద తనే కూర్చుంది. అంతకుముందు ఆవిడ కండెలు చుడితే ఆయన నేసేవారు. ఇప్పుడు చుట్టేవాళ్ళు లేరు. ఓ పొద్దున్న స్కూటరు ఆ వాకిట్లో ఆగింది. ఆ మర్నాడూ ఆగింది. నేను చూడ్డానికి వెళ్ళేసరికి మా మేనేజరుగారు రాట్నం ముందు చతికిలబడి ఉన్నారు, ఆవిడ మగ్గం గుంటలోంచి కేకలేస్తోంది.

"నూలు తెంపేస్తన్నారండి! మేనేజరుగారూ, అది చెయ్యా, రోకలా అండి?"

"ఆయ్, తప్పేనండి. ముడేస్తానండి."

నేను హైదరాబాదు వచ్చేసి, ఏళ్ళు గడిచి, మళ్ళీ వెళ్ళినప్పుడు కూడా ఆయన అక్కడే ఉన్నారు. ఇప్పుడు నూలు తెగడం లేదు. ఆయన మంచినీళ్ళకి లేచినప్పుడు ఆవిడనడిగాను, ఆయన మీద కోపం పోయిందా అని.

"కోపం, క్షమించడం, అయ్యన్నీ నాకు తెలీదండి. పొద్దున్నే వస్తారు, కండెలు చుడతారు. అంతేనండి."

ఇప్పటి నా కంపెనీలో డిస్‌క్లెయిమర్ నా మెయిలుకంటే పొడుగు. మొదట్లో నవ్వుకునేవాణ్ణి, తరవాత నవ్వు తగ్గింది. నేను పైన రాసేవి చూస్తాను: పరిశీలిస్తాం, ప్రయత్నిస్తాం, త్వరలో తెలియజేస్తాం. అలాంటి వాటికి ఆ అడుగున ఉన్న పేరాయే సరైన సంతకం. ఇన్నేళ్ళలో ఆయన ముక్క ఒక్కసారి కూడా నేను పెట్టుకోలేదు. పెట్టుకోదగ్గ మాట పైన రాస్తే కదా.

ఫోన్ పెట్టేసే ముందు మంగతాయారుగారు ఇంకోమాట కూడా చెప్పారు. ఆనాడు చంకలో ఉన్న పిల్ల, స్వర్ణ, చదువైపోయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరడానికి మర్నాడు రాత్రి బస్సెక్కబోతోంది. "ఒక్కదాన్నే పంపాలంటే భయమేస్తందండి. వాళ్ళ నాన్న కూడా ఉద్యోగానికే వెళ్ళేరు కదండీ."

చీర మడతపెట్టి బీరువాలో ఉంచి, ఆఫీసు కంప్యూటరు తెరిచి స్వర్ణకి మెయిలు రాశాను. బస్సు దిగేచోటికి మేమిద్దరం వస్తామనీ, ఇల్లు కుదిరేదాకా మా ఇంట్లోనే ఉండాలనీ, ఆ ఉద్యోగం చెప్పినట్టుగా లేకపోతే ఏ రోజైనా సరే నేనే వెంటబెట్టుకుని బండారులంకలో అమ్మ దగ్గర దింపుతాననీ. ఒక్క ముక్క కూడా పెంచి రాయలేదు. అడుగున ఒంటివేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను: "కింద వచ్చేవి మిషను మాటలు. పైన రాసినవి నావి. వాటికి పూచీ నాది."

పంపాను. అది వెళ్ళే దారిలో, నాకు కనబడకుండా, మిషను తన ముక్క తను అతికించే ఉంటుంది. అతికించుకోనీ. బస్సు తెల్లారకముందే వస్తుంది, నేను అలారం పెట్టుకోవాలి.