సేవ్ కొట్టి చూడు అక్కా

పోయిన నెలలో మా తోటికోడలు చనిపోయింది. ఆసుపత్రి నుంచి మరిది ఫోన్ చేసి, "వదినా, అయిపోయింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. నేను స్టవ్ ఆపి, పాలు దించి, పిల్లల్ని లేపాను. ఏ పని ముందో, ఏది తర్వాతో చూసుకుని చేసే అలవాటు నాది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పరామర్శకు వచ్చినవాళ్లలో మా వారి మేనత్త ఒకావిడ, హాల్లో అందరూ వింటుండగా అంది.

"పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒళ్లు పాడవదా మరి? ఇంటి కోడలికి అంత అవసరమా?"

"తనది రక్తంలో వచ్చిన జబ్బని డాక్టర్లు చెప్పారు పెద్దమ్మా. కంప్యూటర్ అంటించింది కాదు," అన్నాను.

"నేనేమన్నానే తల్లీ, నలుగురూ అనుకునేది చెప్పా."

"ఆ నలుగురినీ నా దగ్గరికి పంపించండి, వాళ్లకీ ఇదే చెబుతా."

ఆవిడ కాఫీ సగంలో వదిలేసి వెళ్లింది. వెళ్లనివ్వండి. ఆ కంప్యూటర్ ముందు కూర్చుని మా తోటికోడలు ఏం చేసిందో తెలియకుండా "పాపం" అనేసి వెళ్లిపోయేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మాది చేనేత బట్టల వ్యాపారం. విజయవాడలో కొట్టు, మంగళగిరిలో మాకు నేసిపెట్టే కుటుంబాలు. ఇంట్లో కింద వాటా మాది, పైవాటా మరిది వాళ్లది. కొత్త చీర అనుకుంటే రంగులూ అంచు వెడల్పూ కాగితం మీద రాసి పంపేవాళ్లం. పడుగు తయారుచేసి, మగ్గమెక్కించి, మూరెడు నేశాక గానీ ఆ రంగులు ఒకదాని పక్కన ఒకటి ఎలా ఉంటాయో తెలిసేది కాదు. బాగాలేకపోతే ఆ పడుగంతా దండగ. నేసినవాళ్ల మొహం చూడాలంటే సిగ్గేసేది.

మా తోటికోడలు ఇంజనీరింగ్ చదివింది. ఇంట్లోంచే ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాసేది. తీరిక చేసుకుని ఈ చీరల కోసం ఒకటి రాసింది. ఫైల్లో రంగులూ పోగుల సంఖ్యలూ వరసగా రాస్తే తెర మీద చీర బొమ్మ వస్తుంది. రంగులు కుదిర్చేది ఎప్పుడూ నేనే కాబట్టి నన్ను తీసుకెళ్లి దాని ముందు కూర్చోబెట్టింది.

మొదట్లో మహా విసుగు. ఒక్క రంగు మార్చినా ఫైల్ సేవ్ చెయ్యాలి, టెర్మినల్ అనే నల్లటి విండోలోకి వెళ్లి కమాండ్ కొట్టాలి, కంపైల్ అయ్యేదాకా, అంటే రాసింది బొమ్మగా తయారయ్యేదాకా ఆగాలి, బ్రౌజర్‌లో పేజీ మళ్లీ తెరవాలి. మధ్యలో ఏదో ఒకటి మర్చిపోయి, పాత చీరనే చూస్తూ "మారలేదేంటిది?" అని ఆ కంప్యూటర్‌ను తిట్టేదాన్ని.

"నన్ను తిట్టు అక్కా. అది పట్టించుకోదు," అనేది.

నా అవస్థ చూసి ఒకరోజు టెర్మినల్‌లో ఇంకో టూల్ పెట్టింది. పొద్దున్నే ఒక్క కమాండ్ కొడితే చాలు, అది మా ఫైళ్లను కనిపెట్టుకుని ఉంటుంది. మనం సేవ్ కొట్టగానే తనే కంపైల్ చేసి, తనే పేజీని రీలోడ్ చేస్తుంది. తప్పు రాస్తే, ఏ ఫైల్లో ఏ లైన్లో ఉందో ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. నేను ఆకుపచ్చ తీసేసి వంకాయ రంగు రాసి సేవ్ కొట్టాను. తలెత్తేలోపు చీర అంచు మారిపోయింది.

"ఏం మంత్రమే ఇది?"

"మంత్రమేం కాదక్కా, నీ చాకిరీ అది చేస్తోంది. నువ్వు చీర చూసుకో."

ఒకసారి రెండంచులకూ ఒకటే వరస రాశాను. ముందు జరీ, ఆ పక్కన మెరూన్, ఆ పక్కన సన్న గీత. ఎర్ర అక్షరాలేవీ రాలేదు గానీ చీర మాత్రం అవకరంగా వచ్చింది. ఎడమ అంచులో జరీ సరిగ్గా చివరన ఉంది, కుడి అంచులో లోపలికి జరిగి కూర్చుంది. అంచును చీర చివరి నుంచి లోపలికి చెప్పుకోవడం మా ఇళ్లలో అలవాటు. ప్రోగ్రాముకు ఎడమ నుంచి కుడికి చదవడం తప్ప ఇంకోటి తెలియదు. తను పడీ పడీ నవ్వింది గానీ కీబోర్డు ముట్టుకోలేదు.

"నువ్వే దిద్దు. మగ్గమెక్కకముందు ఎన్ని తప్పులైనా చెయ్యి, నేనేమీ అనను."

కుడి అంచు వరస తిరగరాశాను. జరీ చివరకు వెళ్లింది. ఇరవయ్యేళ్లుగా ఈ ఇంట్లో లెక్కలన్నీ చూస్తున్నాను. నన్ను తప్పు చెయ్యమని ప్రోత్సహించిన మనిషి తనొక్కతే.

జబ్బు బయటపడ్డాక పాఠాలు ఆపుతుందేమో అనుకున్నాను. ఇంకా పట్టుబట్టింది. తలకు టవల్ చుట్టుకుని, నా పక్కనే మంచం వేయించుకుంది.

"కాసేపు పడుకోవే," అని మా అత్తగారు కేకలేస్తే, "పడుకునే ఉన్నా అత్తయ్యా, కష్టపడేది అక్క," అనేది.

నేనేదైనా అడిగితే తిన్నగా చెప్పేది కాదు.

"ఎర్ర అక్షరాలు చదివావా?"

"చదివా. అర్థం కాలేదు."

"మళ్లీ చదువు. అది నిన్ను తిట్టట్లేదు, తప్పుకు దారి చెబుతోంది."

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "నువ్వు చెబితే ఒక్క నిమిషం పని. ఎందుకిలా ఏడిపిస్తావు?"

"ఎన్నాళ్లు చెబుతానక్కా?"

నేను మళ్లీ చదివాను.

పదకొండో రోజు అయ్యాక మరిది కిందికి వచ్చాడు. "కాగితాలే పంపుకుందాం వదినా. ఆ ప్రోగ్రాం సంగతి తనకే తెలుసు. లాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చేస్తా. కళ్ల ముందుంటే ఉండలేకపోతున్నాను."

"చూడలేకపోతే అటు చూడకు. అది మాత్రం ఇల్లు దాటదు."

"మీ ఒక్కరి వల్ల అవుతుందా?"

"అవుతుందో లేదో ఇప్పుడే చూద్దాం, రా."

పైకి వెళ్లి, లాప్‌టాప్ తెరిచి, కమాండ్ కొట్టాను. పేజీ రాలేదు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మరిది నిట్టూర్చాడు. నేను చదివాను. మళ్లీ చదివాను. తప్పు ఉన్నది తను రాసుకుంటున్న ఫైల్లో, చిట్టచివరి లైన్లో. చీరకు పసుపు రంగు రాసి, అంచు కోసం బ్రాకెట్ తెరిచి, అక్కడ ఆపేసింది. ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు రాసినట్టుంది.

"ఆ లైన్ తీసేస్తే నడుస్తుందేమో," అన్నాడు మరిది మెల్లగా.

"నడుస్తుంది. తియ్యను."

తనేం అంచు అనుకుందో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. నేరేడు రంగు రాశాను, చివరన సన్న జరీ ఇచ్చాను, బ్రాకెట్ మూశాను. సేవ్ కొట్టాను.

చీర వచ్చింది.

మరిది తెర దగ్గరకు వంగి చూశాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, "అంచు కాస్త వెడల్పయిందేమో వదినా," అన్నాడు.

సంఖ్య తగ్గించాను. అంచు సన్నబడింది.

"ఇంకొంచెం."

తగ్గించాను. అన్నానికి రమ్మని అత్తగారు కింద నుంచి పిలుస్తున్నారు. అతను స్టూల్ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. తెర నిండా పసుపు చీర. మేమిద్దరం ఏదో ఒకటి మారుస్తున్నకొద్దీ దాని అంచు కదులుతూనే ఉంది.