నాయనమ్మ కుర్చీ స్కూటర్

పొద్దున ప్రార్థన ముగించి బయటికొస్తే, పటమటలో ఒకాయన స్కూటర్ మీద పాపకి చిన్న కుర్చీ బిగించుకుని వెళ్తున్నాడు. మా పాత స్కూటర్ కళ్ళముందు నిలిచింది. గుర్తుందా, అప్పటి స్కూటర్లు పక్కకి వంచి, లేపి, కిక్ కొడితే గానీ స్టార్టయ్యేవి కావు.

మోకాళ్ళు వంగక నాయనమ్మ బస్సెక్కలేకపోయేది. కూచిపూడిలో ఉన్న చెల్లెల్ని చూడాలని రోజూ అనేది. ఒక ఆదివారం పొద్దున నాన్న, వైరు అల్లిన ఇనుప కుర్చీకి కాళ్ళు కోయించి, వెనక సీటు తీసేసి అక్కడ బిగించారు.

"రేపు ఆఫీసుకీ సింహాసనంతోనేనా అండీ?" పక్కింటాయన నవ్వారు.

నాయనమ్మ అరుగు మీంచే ఎక్కి కూర్చుంది. నాన్న ముందు నిలబడిన నేను, బండి ఆగకూడదని దారంతా దేవుణ్ణి తలుచుకున్నాను. కాలవ పక్కనే ఉయ్యూరు, పామర్రు దాటినా ఒక్కచోటా మొరాయించలేదు మహాతల్లి!

చిన్న నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "మా ఇంట్లో కుర్చీ లేదనుకున్నావా ఏంటక్కా?"

సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న కుర్చీ విప్పబోయి పానా తీశారు.

"మళ్ళీ వెళ్ళొద్దంట్రా?" అంది నాయనమ్మ.

కుర్చీ విప్పకూడదనీ, నాన్న ఆఫీసుకీ సింహాసనంతోనే వెళ్ళాలనీ ఆ సాయంత్రం ఇంట్లో తీర్మానమైంది.