డాక్టరమ్మ మళ్లీ రమ్మన్నవాళ్లు

పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఆ వీధికి ఆవిడ డాక్టరమ్మ, అంతే. వీధిలోకి తెరుచుకునే ముందు గదిలో గోడవారగా రెండు బెంచీలు, ఒక పచ్చటి తెర, తెర వెనక పరీక్ష బల్ల. ముప్ఫయ్యేళ్లకు పైగా ఆవిడ జీవితమంతా అక్కడే గడిచింది. గొట్టం గుండె మీద ఆనించి, కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచేది. అలా వంచిందంటే బెంచీల మీదివాళ్లు కూడా మాటలు ఆపేసేవారు. పెద్దాసుపత్రిలో మిషన్లు తర్వాతెప్పుడో చెప్పేది ఆవిడ చెవి ముందే చెబుతుందని పేరు.

మోకాళ్లు మొరాయించడంతో ఇక చాలనుకుంది. ఆ గదులనూ వైద్యాన్నీ కలిపి ఎవరైనా డాక్టరుకే అమ్మాలని పట్టుబట్టింది. అమ్మకం పనులు తమ్ముడు నెత్తిన వేసుకున్నాడు. గోడలకు సున్నం కొట్టించాడు, పగిలిన వాష్‌బేసిన్ మార్పించాడు, బెంచీలకు రంగు వేయించాడు. చివరికి పెద్దాసుపత్రి ఉద్యోగం వదిలి వచ్చిన ఒక కుర్ర డాక్టరు కొంటానన్నాడు. జనానికి అలవాటు కావాలి కాబట్టి కొన్నాళ్లు పక్కనే కూర్చోమంది ఆవిడ.

"ఈ అబ్బాయెవరమ్మా, మీవాడా?" అని అడిగింది ఒక ముసలామె మొదటిరోజే.

"కాదు పెద్దమ్మా. నా క్లినిక్కుని దత్తత తీసుకుంటున్నాడు."

"అయితే బాగా తినిపించండి, బక్కగా ఉన్నాడు," అంది ముసలామె. కుర్ర డాక్టరు కూడా నవ్వాడు.

ఒకరోజు పొద్దున ఆ వీధి దర్జీ వచ్చాడు. కొన్ని నెలలుగా మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువైందని డాక్టరమ్మ మాత్రలు ఇస్తూనే ఉంది. ఎప్పటిలాగే గొట్టం పెట్టింది, కళ్లు మూసుకుంది. "గుండె బాగానే ఉందయ్యా," అంది.

"మేడమ్, నేనొకసారి వినొచ్చా?" అన్నాడు కుర్ర డాక్టరు.

దర్జీని ముందుకు వంచి, ఊపిరి వదిలి బిగబట్టమని చెప్పి, చాలాసేపు విన్నాడు. దర్జీని బెంచీ మీద కూర్చోమని పంపించాక గొంతు తగ్గించాడు. "రెండో చప్పుడు తర్వాత సన్నగా ఊదినట్టు వినిపిస్తోంది మేడమ్. గుండె కవాటం కారుతోందేమో. మీరు విన్నారు కదా?"

విన్నానంటే సరిపోయేది. అతను నమ్మేవాడు కూడా. ఆవిడ దర్జీని మళ్లీ లోపలికి పిలిచి, అతను విన్నచోటే, అలాగే వంచి వింది. గుండె చప్పుళ్లు రెండూ నిండుగా ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు.

"నాకు వినపడటం లేదు," అంది.

మర్నాడు స్కానింగులో కవాటం కారుతున్నట్టు తేలింది. ఆవిడ చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లింది. లావు చప్పుళ్లు బాగానే వినపడుతున్నాయి, సన్ననివే పోయాయి, అది నిన్నా మొన్నా వచ్చింది కాదన్నాడాయన. ఆ మధ్య చాలాసార్లు క్లినిక్కులో పనిచేసే నర్సమ్మ, "బెల్లు మోగుతోందమ్మా, వినపడట్లేదా?" అని అడగడం ఆవిడకు గుర్తొచ్చింది. బెల్లు పాడైందనుకుని మార్పించింది కూడా.

ఆరోజు నుంచి గొట్టం ముట్టుకోలేదు. ఈమధ్య తాను గుండెలూ ఊపిరితిత్తులూ విని బాగున్నాయని పంపినవాళ్లందరినీ వెనక్కి పిలవాలంది.

తమ్ముడు తల పట్టుకున్నాడు. "ఎవరూ గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటావేంటక్కా? అమ్మకం ముందు మన సరుకు పుచ్చిపోయిందని మనమే చాటుకుంటామా?"

"సరుకు కాదురా, మనుషులు."

"ముప్ఫయ్యేళ్ల పేరు గంగలో కలుస్తుంది."

"కలిస్తే కలవనీ. ఆ పేరు చూసే కదా వాళ్లు ఇంకోచోటికి వెళ్లకుండా ఉండిపోయింది."

తమ్ముడు అలిగి రెండ్రోజులు క్లినిక్కుకు రాలేదు, మూడోరోజు వచ్చి తనే ఫోన్లు కలిపి ఇచ్చాడు. కుర్ర డాక్టరు కొనే సంగతి ఇంట్లో అడిగి చెబుతానని వెళ్లాడు. తిరిగి వచ్చి, మొహమాటపడుతూనే, ధర కొంత తగ్గించమన్నాడు. తమ్ముడు మూతి ముడిచాడు. ఆవిడ సరేనంది.

వచ్చినవాళ్లను కుర్ర డాక్టరు తెర వెనక చూస్తుంటే, ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కరికీ సంగతి తనే చెప్పింది. ఎన్నడూ కూర్చోని బెంచీ అది. ఒక లారీ డ్రైవరు విని, "నావీ అంతేనమ్మా, హారన్లు తినేశాయి," అని ఓదార్చాడు. కొందరు విననట్టు ఊరుకున్నారు. ఒకాయన లేచి, పరీక్ష చేయించుకోకుండానే వెళ్లిపోయాడు. చాలామందికి ఏ జబ్బూ లేదని తేలేసరికి తమ్ముడి మొహంలోకి మళ్లీ రంగొచ్చింది.

అప్పుడొచ్చింది ఒక బడి టీచరు, వాళ్లమ్మను నడిపించుకుంటూ. ముసలావిడ వీపు మీద గొట్టం పెట్టగానే కుర్ర డాక్టరు మొహం మారింది. ఊపిరితిత్తులు అట్టకడుతున్నాయని ఆ తర్వాతి పరీక్షల్లో తేలింది. మందులతో జబ్బును నెమ్మదింపజేయొచ్చు గానీ, పోయిన ఊపిరి తిరిగి రాదు.

ఆ సంగతి తెలిసిన రోజు టీచరు ఒక్కతే వచ్చింది. కూర్చోలేదు.

"మా అమ్మ ఏడాదిగా దగ్గుతోంది. వచ్చినప్పుడల్లా గొట్టం పెట్టి, బాగుందమ్మా, మామూలు దగ్గే అన్నారు. ఆ మాట మీద మేం నిశ్చింతగా ఉన్నాం."

"నిజమే తల్లీ."

"నిజమే అంటే అయిపోయిందా? క్షమించమని కూడా అడగరా?"

"అడిగితే, పెద్దదాన్నని నువ్వు కాదనలేవు. అలా నీ నోరు కట్టెయ్యడం నాకిష్టం లేదు."

టీచరు కళ్లు తుడుచుకోకుండానే వెళ్లిపోయింది. ఆ రాత్రి డాక్టరమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. తమ్ముడి భార్య బతిమాలలేదు, కంచానికి మూత పెట్టి ఊరుకుంది.

సంతకాలయ్యాయి. గోడ మీద బోర్డు మారింది. దర్జీకి ఆపరేషన్ చేసి కొత్త కవాటం వేశారు, నెమ్మదిగా మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు. డాక్టరమ్మ చెవులకు మిషన్లు పెట్టించుకుంది. సందు చివర ఉన్న ఇంట్లోంచి బయటికి రావడం తగ్గించింది. క్లినిక్కు ముందు నుంచి నడవాల్సి వస్తే అవతలి వైపు నుంచి వెళ్లేది.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం టీచరు ఫోను చేసింది. గొంతు పొడిగా ఉంది. "అమ్మకి ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టమన్నారు. మాస్కు పెట్టుకోనంటోంది, ఊపిరాడట్లేదని పీకేస్తోంది. మీ మాటయితే వింటుందేమో."

డాక్టరమ్మ మోకాళ్లు పట్టుకుంటూ, ఒక్కో అంతస్తులో ఆగుతూ టీచరు ఇంటి మెట్లెక్కింది. టీచరు తలుపు తీసింది. రండి అనలేదు, మంచం పక్కకు కుర్చీ మాత్రం జరిపింది.

ముసలావిడ డాక్టరమ్మను గుర్తుపట్టింది. "నన్ను చూడ్డానికొచ్చారా? గొట్టం ఏదీ?"

"తేలేదు. ఇది కాసేపు పెట్టుకుందాం. నచ్చకపోతే నేనే తీసేస్తాను."

మాస్కు అమర్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. పెనుగులాట నెమ్మదించి ముసలావిడ కళ్లు మూతలుపడ్డాయి. డాక్టరమ్మ లేచి బయల్దేరుతుంటే టీచరు గుమ్మందాకా వచ్చింది.

"రేపు కూడా రాగలరా?" అంది, నేలను చూస్తూ.

"వస్తానమ్మా," అంది డాక్టరమ్మ. ముసలావిడ ఉన్నన్నాళ్లూ వెళ్తూనే ఉంది.