బాపు ఒక్కడే వణికిన క్యాసెట్టు

తొంభైల చివరలో నాకు జడ్చర్ల చౌరస్తాలో వీడియో మిక్సింగ్ దుకాణం ఉండేది. దుకాణం అనగానే పెద్దగా ఊహించుకోకండి. బీరువాకు కిటికీ పెడితే ఎంత ఉంటుందో అంత. అందులో ఒక కంప్యూటరు, ఒక టీవీ, రెండు వీసీఆర్‌లు, నేను. నేను ఊపిరి పీల్చుకోవాలంటే వీటిలో ఏదో ఒకటి బయట నిలబడాలి. పాలమూరు జిల్లాలో పెళ్లిళ్లను కంప్యూటర్లో కోసి కుట్టే మొట్టమొదటి మొనగాణ్ణి నేనేనని బోర్డు రాయించుకున్నాను. కాదన్నవాళ్లు లేరు. కాదనాలంటే ముందు కంప్యూటరంటే ఏమిటో తెలియాలి కదా.

పని ఏమిటంటే, పెళ్లి షూటింగంతా దాని కడుపులోకి ఎక్కించాలి. అక్కర్లేనివి కోసెయ్యాలి, పాటలు కలపాలి. చివరికి రెండర్ అనే మీట నొక్కితే అది ఆ పెళ్లిని మొదటి నుంచి మళ్లీ వండుతుంది. పెళ్లికూతురు కాపురానికి వెళ్లి, అలిగి, పుట్టింటికొచ్చి, పెద్దమనుషులు సర్ది మళ్లీ పంపినా మా కంప్యూటరు ఇంకా తలంబ్రాల దగ్గరే ఉండేది. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ గణపతి పూజ నుంచి మొదలు. మా చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఒక్కసారి లేచాయంటే బల్బులో తీగ కొత్త కోడలిలా ఎర్రబడి ఊరుకునేది తప్ప వెలుగు ఇచ్చేది కాదు.

మా చెల్లె పెళ్లికి కెమెరా నేనే పట్టాను. జడ్చర్లకు దగ్గరి పల్లె మాది. మావాళ్లకు అప్పటిదాకా తెలిసింది ఫోటో ఒక్కటే. ఫోటోకు కదిలితే బొమ్మ చెడుతుంది, చెడితే ఫోటోగ్రాఫర్ తిడతాడు. ఆ భయం తాతల నాటి నుంచి నెత్తురులో ఉండిపోయింది. అందుకని నా వీడియో కెమెరా ఎటు తిరిగితే అటువైపు ఊరు ఊరంతా చేతులు తొడలకు అతికించుకుని ఊపిరి బిగబట్టేది. బంతిలో కూర్చున్నవాళ్లు ముద్ద నోటి ముందు పెట్టుకుని ఆగిపోయారు. అయ్యగారు మంత్రాన్ని సగంలో ఆపి, నా కెమెరా దాటిపోయాక మిగతా సగం చదివాడు. "కదలండి, ఇది కదిలే బొమ్మ!" అని నేను గొంతు చించుకుంటే, మా మేనత్త పెదవులు కదపకుండా, "ముందుగాల నువ్వు దియ్యరా, గటెన్క కదులుతం" అంది.

నిలబడనిది మా బాపు, అంటే మా నాన్న, ఒక్కడే. పుట్టినప్పటి నుంచి గొర్ల వెంబడి నడిచినవాడు. భూగోళం చుట్టుకొలత ఎంతో మా సారు చెప్పినప్పుడు, అంత దూరం మా బాపు నడిచి మళ్లీ వెనక్కి వచ్చి ఉంటాడని బడిలోనే నాకు అనిపించింది. నిద్రలో కూడా ఆయన కాళ్లు గొర్లను మళ్లేసేవి. ఆ తాపులకు జడిసి మా అమ్మ వేరే మంచం వేసుకుంది. పెళ్లినాడు కెమెరాలో ఒకసారి నీళ్ల బిందెతో కనిపిస్తాడు, మరుక్షణం కుక్కను తరుముతూ కనిపిస్తాడు, ఇంకో మూల వియ్యంకుడి చెయ్యి పట్టి బంతిలోకి లాగుతూ ఉంటాడు.

"జర నిలవడు బాపూ" అన్నాను.

"నిలవడ్డోల్లు గంతమంది ఉండ్రి గదరా, ఆళ్లను దీసుకో. నాకు పనున్నది" అంటూ నడుస్తూనే జవాబిచ్చాడు.

ఇంటి పని ఎప్పుడూ ఆఖరుకే కదా. ఊళ్లవాళ్ల పెళ్లిళ్లన్నీ వండుతూ కూర్చున్నాను, మా పెళ్లి కంప్యూటర్ కడుపులో పచ్చిగానే ఉండిపోయింది. ఇంతలో ఒకనాడు పొద్దున గొర్లను తోలుకుని పోయిన బాపు చెలక గట్టు మీద కూర్చున్నాడని ఎవరో వచ్చి చెప్పారు. కూర్చున్నాడన్న మాట చెవిన పడగానే నాకు అర్థమైపోయింది. నేను వెళ్లేసరికి గొర్లు ఆయన చుట్టూ నిలబడి ఉన్నాయి.

మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి ఎడంగా జరిగితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ ప్రాణానికి ఏదో కోరిక మిగిలిపోయిందని మా నమ్మకం. మాంసం, కల్లు, బీడీ కట్ట, అన్నీ పెట్టాం. మా జిల్లా జనం పని దొరక్క బొంబాయికీ పూణేకూ పోయినట్టే ఆనాడు కాకులు కూడా మూటాముల్లె సర్దుకుని వలస పోయినట్టున్నాయి. ఆకాశం అద్దంలా ఖాళీ. పొద్దు వాలుతుంటే ఏదో పిట్ట దిగి ఒక మెతుకు ఎత్తుకుపోయింది. అది కాకేనని చుట్టాలందరూ ఒట్టుపెట్టారు. అమ్మ పెట్టలేదు.

కొన్నాళ్లకు అమ్మ అడిగింది. "గా పెండ్లి క్యాసెట్టు జెయ్యి బిడ్డా. ఆయన్ను జర సూడాలె."

ఇక ఆలస్యం చెయ్యలేదు. వండాను. కంప్యూటర్ తెర మీద చూస్తే అద్భుతంగా వచ్చింది. దాన్ని క్యాసెట్టులోకి దించి, టీవీనీ వీసీఆర్‌నూ ఆటోలో కట్టుకుని ఇంటికి పోయి పెట్టాను. చెల్లె, బావ, అయ్యగారు, మేనత్త, ఊరు ఊరంతా ఆలంపూర్ గుడి గోడ మీది శిల్పాల్లా స్థిరంగా ఉన్నారు. అప్పుడు బిందెతో బాపు వచ్చాడు.

వచ్చి, వణికాడు.

అదేం మామూలు వణుకు కాదు. ఒక అడుగు ముందుకు వేసి, సగం అడుగు వెనక్కి గుంజుకుని, మళ్లీ ముందుకు వస్తున్నట్టు. ఒంటి అంచులు పీచులు పీచులుగా లేచి కొట్టుకుంటున్నాయి. జ్వరం వచ్చిన మనిషిని జల్లెడలో వేసి జల్లించినట్టుంది. పక్కనే మేనత్త రెప్ప కూడా అదరకుండా నిలబడి ఉంది.

"గాయన ఎందుకు వణుకుతాండు?" అంది అమ్మ.

"క్యాసెట్టు ఖరాబుందే అమ్మా."

"క్యాసెట్టు ఖరాబైతె అందరు వణకాలె గద. గీయనొక్కడే ఎందుకు వణుకుతాండు?"

నేను వీసీఆర్ నెత్తిన ఒకటి చరిచాను.

"కాకి ముట్టలే. నాకప్పుడే ఎరుక" అంది అమ్మ. "పాణం కుదుటవడలే. సలికి వణికినట్టు వణుకుతాండు సూడు."

ఆ పూట నుంచి అమ్మకు అన్నం సయించలేదు. ఆ వణుకు ఆపితే తప్ప మా అమ్మ నాకు దక్కదని తేలిపోయింది. అసలు షూటింగ్ టేపు చూపిద్దామంటే అది లేదు. ముహూర్తాల రోజుల్లో మా వృత్తిలో ఎవరికీ టేపులు దాచుకునే భాగ్యం ఉండేది కాదు. మా చెల్లె పెళ్లి మీద అప్పటికే ఇంకెవరిదో పెళ్లి ఎక్కేసింది. మిగిలింది కంప్యూటర్లో ఉన్నదే.

మా దుకాణం పక్కన టీవీ మెకానిక్ భాయ్ ఉండేవాడు. టీవీనీ వీసీఆర్‌నూ మళ్లీ దుకాణానికి తెస్తే భాయ్ చూసి, తల పంకించి, "అన్నా, హెడ్డు ఖరాబైంది. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు. వీసీఆర్ పొట్ట కోసి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో దాని పేగులన్నీ తుడిచాడు. బాపు వణికాడు. వోల్టేజీ అన్నాడు. బియ్యం బస్తా అంత స్టెబిలైజర్ మోసుకొచ్చాడు. అది గుయ్యిమని మొత్తుకునే చప్పుడుకు హైవే మీది లారీలు పక్కకు తప్పుకున్నాయి, బాపు మాత్రం వణికాడు. వైర్లు మార్చాడు, క్యాసెట్టు మార్పించాడు. చివరికి ఎవరో రిపేరుకిచ్చి పోయిన కొత్త కలర్ టీవీని తెచ్చిపెట్టాడు. దాంట్లో బాపు రంగురంగులుగా వణికాడు.

"కంప్యూటర్ల సాఫుగున్నడు, టీవీల వణుకుతాండు" అన్నాడు భాయ్ నడుం మీద చేతులు పెట్టుకుని. "కంప్యూటర్ నీది, టీవీ నాది. అంటె తప్పు నాదే అంటవ్, గంతేనా?"

"నేనేమన్ననే?"

"మొఖం జెప్తాంది గద. గీ గరీబోన్ని అనుమానిస్తవ్ గని, ఒక్కటి జెప్పు. ఆనాడు పెద్దాయన చాయ్ గిట్ట ఎక్కువ తాగిండా?"

నవ్వాలనే ఉంది, నవ్వు రాలేదు. ఇంటికి పోతే అమ్మ మొహం చూడాలి. అందుకని దుకాణంలోనే కూర్చుని ఆ బిందె మోసే ముక్కను తిప్పి తిప్పి చూశాను. టేపు అరిగింది, నా కళ్లు అరిగాయి, నాకైతే కొంచెం ఆయుష్షు కూడా అరిగినట్టే అనిపించింది. అలా చూస్తుండగా ఒకసారి బాపును వదిలి తెర మూలకు చూశాను. పందిట్లో స్టాండు ఫ్యాను ఉంది. దాని రెక్కలు వణుకుతున్నాయి. పందిరి వెనక ఒక మేకపిల్ల గంతులేస్తోంది. అదీ వణుకుతోంది. కదిలే ప్రతిదీ వణుకుతోంది! మనుషుల్లో కదిలినవాడు బాపు ఒక్కడే కనుక మనుషుల్లో వణికింది ఆయన ఒక్కడే.

తర్వాత చిక్కు విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. టీవీ బొమ్మను ఒకేసారి గీయదు. ఒక గీత విడిచి ఒక గీత ముందు గీసి, విడిచిన గీతలను తర్వాత పూరిస్తుంది. ఏ వరుస ముందు, ఏది వెనక అని కంప్యూటర్లో ఒక చిన్న గడి ఉంది. అది తిరగబడితే వెనక పడాల్సిన అడుగు ముందు పడుతుంది, ముందు పడాల్సింది వెనక పడుతుంది. నిలబడ్డవాడికి ఏమీ కాదు, నడిచేవాడు చెడిపోతాడు. కంప్యూటర్ తెర రెండు వరుసలనూ కలిపే చూపిస్తుంది కనుక అక్కడ తెలియదు. ఆ గడి మార్చాను, మళ్లీ వండాను. బాపు బిందె ఎత్తుకుని, తొణక్కుండా బెణక్కుండా నడిచి వచ్చాడు.

భాయ్ తెచ్చిన టీవీనీ నా వీసీఆర్‌నూ ఆటోలో వేసుకుని, ప్రపంచాన్ని జయించినవాడిలా ఇంటికి పోయాను. ముందు పాత క్యాసెట్టు పెట్టి, "సూడమ్మా, ఫ్యాను గూడ వణుకుతాంది" అన్నాను.

"ఫ్యాను కరెంటుకు వణుకుతది. మీ బాపుకు ఏం కరెంటున్నదిరా?"

కొత్తది పెట్టాను. అమ్మ కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"మొన్న వణికినోడు ఇయ్యాల ఎట్ల వణుకుత లేడు? నువ్వేం జేసినవ్?"

"మిషిన్ల సదిరిన."

"సదురుతవ్. సర్పంచి బిడ్డను క్యాసెట్టుల నెలవంక మీద కూసోవెట్టినోనివి, పువ్వుల్లకెల్లి పెండ్లిపిల్లగాన్ని పుట్టిచ్చినోనివి. నీకు మీ బాపును కుదురుగ నడిపిచ్చుడు ఎంత పని? నన్ను ఏమార్చకు. పాతదే పెట్టు."

నా విద్యను అంత గొప్పగా మెచ్చుకున్నది జీవితంలో మా అమ్మ ఒక్కతే.

ఇక మొదలైంది. అమ్మ రోజూ ఆ వణికే బాపు ముందు కూర్చుని, "ఏం గావాలె నీకు? నోరు దెరిసి జెప్పరాదు?" అని అడిగేది. తనకు తోచింది చేసేది. బాపు పేరున కొత్త ధోతి ఇప్పించింది, వచ్చి క్యాసెట్టు పెట్టించి చూసింది. వణుకుతున్నాడు. సలే అయి ఉంటుందని కొత్త గొంగడి నేయించి ఒక ముసలాయనకు కప్పింది, వచ్చి చూసింది. వణుకుతున్నాడు. యాటను కోసింది, ఎల్లమ్మకు బోనం చేసింది. ప్రతిసారీ వాకిట్లో కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి "పెట్టు" అనేది. చూసి, "ఇది గూడ గాదట" అని లేచి వెళ్లేది. ఆ గీతల సంగతి నేను ఎన్ని రకాలుగా చెప్పినా నా మొహంలో అబద్ధం ఉందన్నట్టే చూసేది. మనిషి పుల్లలా తయారైంది. భాయ్ టీవీ మా ఇంట్లోనే ఉండిపోయింది. అడగడానికి అతనికి మొహమాటం, ఇవ్వడానికి నాకు ధైర్యం లేదు.

ఒకనాడు అమ్మే అంది. "ఆలంపూరు పోదమన్నడు ఒకసారి. జోగులాంబ తల్లిని సూసొద్దమన్నడు. పిల్ల పెండ్లి గానియ్యి అన్న నేను. గదే అయ్యుంటది."

బస్సులు మారి పోయాం. అమ్మ తుంగభద్రలో మునిగి, బాపు తలగుడ్డను నీళ్లలో వదిలింది. అమ్మవారి ముందు నిలబడి ఏం మొక్కుకుందో నాకు వినపడలేదు. తిరుగు ప్రయాణంలో కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్న ఆమె చేతిని చూశాను. ఈసారి కూడా బాపు వణికితే ఆ చెయ్యి ఇక ఏదీ పట్టుకోదనిపించింది.

ఇంటికి వచ్చాం. "పెట్టు" అంది.

నేను మంచి క్యాసెట్టు పెట్టాను.

బాపు బిందెతో వచ్చాడు. అంచులన్నీ అతుక్కుని, నిండుగా, ఒక్క మనిషిగా వచ్చాడు. బిందె దింపి, కుక్కను అదిలించి, అవతలికి నడిచి వెళ్లాడు. నేను తెరను చూడలేదు, అమ్మనే చూశాను. ఆ మొహం విప్పారుతుందని, కాసిన్ని చాయ్ నీళ్లు అడుగుతుందని ఎదురుచూశాను.

"కుదుటవడ్డడు" అంది అమ్మ మెల్లగా. కొంతసేపటికి, "పోయిండు" అంది.

బాపు పోయిన రోజున అమ్మ ఏడవలేదు. గొర్ల లెక్క సరిపోయిందో లేదో చూస్తూ, వచ్చినవాళ్లకు నీళ్లందిస్తూ తిరిగింది. ఇప్పుడు నేల మీద కూలబడి, రెండు చేతులూ నేలకేసి కొట్టి గొంతెత్తింది. "ఇన్ని దినాలు ఇంట్ల ఉన్నట్టే ఉంటివి గదయ్యా! ఏం గావాలె, ఏం గావాలె అని అడుగుతుంటి గదయ్యా! ఇగ నేనెవల్నడగాలె!"

ఆ ఏడుపుకు వాడకట్టు వాడకట్టంతా ఉరికొచ్చింది. ఆడవాళ్లు కొంగులు నడుముకు చుట్టుకుంటూ, "ఎవలు పోయిండ్రు? ఎవలు పోయిండ్రు?" అని నన్ను అడుగుతున్నారు. మేనత్త వచ్చి అమ్మను పట్టుకుంది. అమ్మ ఆగలేదు.

టీవీ తీసుకుపోదామని అప్పుడే వచ్చిన భాయ్ జనాన్ని చూసి గడప దగ్గరే చెప్పులు విడిచాడు. లోపల ఏం జరిగిందో అతనికి తెలియదు. తెర మీద బాపు వియ్యంకుడి చెయ్యి పట్టి బంతిలోకి లాగుతున్నాడు. భాయ్ దాన్ని కాసేపు రెప్పవేయకుండా చూసి, నా పక్కకు జరిగి, చెవిలో అన్నాడు.

"బొమ్మ మస్తు సాఫొచ్చింది గదన్నా."