తొట్టి వెనక మనిషి, ఎదుట రెండు రకాల తూటాలు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి చలికాలం నేను సౌదీలో, అల్ ఖోబర్‌కు రెండు గంటల దూరాన ఎడారిలో ఉన్న ఒక ప్రైవేటు జింకల ఫారంలో సీనియర్ పశువైద్యుడిగా ఉన్నాను. అంతకు ముందు మన పశుసంవర్ధక శాఖలో పనిచేశాను. అందులో చాలా ఏళ్లు డిప్యుటేషన్ మీద నల్లమల అడవుల్లోనే గడిచాయి. మా కుటుంబం అల్ ఖోబర్‌లోనే, అల్ అజీజియా అనే పేటలో అద్దె ఇంట్లో ఉండేది. నేను శుక్రవారాలు మాత్రం ఇంటికి వెళ్లేవాణ్ణి.

ఫారంలో ఎక్కువగా ఒరిక్స్‌లు ఉండేవి. ఎడారిలో పుట్టి పెరిగే తెల్లటి జింక అది. మన పెయ్యదూడంత ఉంటుంది. కొమ్ములు వంకర లేకుండా, మనిషి చెయ్యంత పొడవున, మొన తేలి ఉంటాయి. దానికి కోపం వస్తే పరుగెత్తి గుద్దదు. తల బాగా కిందికి వంచి, గడ్డాన్ని ఎదకు ఆనించి, కొమ్ములు ముందుకు పెట్టి పొడుస్తుంది.

జబ్బు నయం కాని జంతువును బాధ లేకుండా చంపాల్సి వస్తే మందు సూదే మా మొదటి పద్ధతి. దగ్గరికి వెళ్లలేని పరిస్థితిలో పిస్తోలు. విదేశీయులం ఆయుధం ముట్టడానికి లేదు. లైసెన్సు భద్రతాధికారి అబూ ఫహద్ పేరున ఉండేది. ఆయన సైన్యంలో సార్జెంటుగా చేసి రిటైరైన మనిషి. కాల్చేది ఆయన, ఎక్కడ కాల్చాలో చెప్పేది డాక్టరు. అది నియమం.

ఆయన దగ్గర రెండు రకాల తూటాలు ఉండేవి. ఒకటి నున్నటి రాగి తొడుగుది, సైనికులు వాడే రకం. తగిలిన చోట సన్నటి బెజ్జం చేసి, అవతలి నుంచి బయటపడి, ఇంకా పోతూనే ఉంటుంది. రెండోది మొనలో గుంట ఉన్నది. ఒంట్లోకి దిగగానే పువ్వులా విచ్చుకుని లోపలే ఆగుతుంది, కానీ మందమైన ఎముక ఎదురైతే పైననే చితికిపోయే ప్రమాదం ఉంది. నల్లమలలో వేటగాళ్లు కొట్టిన దుప్పులకు శవపరీక్షలు చేసేటప్పుడు ఈ రెండింటి పనీ నా చేతులతో తడిమి చూశాను.

ఆ రోజు సాయంత్రం అసర్ నమాజు అయిన కొద్దిసేపటికి వైర్‌లెస్‌లో అబూ ఫహద్ నన్ను క్వారంటైన్ షెడ్డుకు రమ్మన్నాడు. గొంతు మామూలుగా లేదు. కారణం చెప్పకుండా నిచ్చెన ఎక్కి రమ్మన్నాడు.

షెడ్డులో గదుల మీదుగా తనిఖీ కోసం ఇనుప నడవ ఉంటుంది. దాని మీదికెక్కి చూశాను. కింద గదిలో, మూలన, ఇనుప నీళ్లతొట్టికీ గోడకూ మధ్య సందులో మల్లేశ్ ఇరుక్కుని ఉన్నాడు. జగిత్యాల దగ్గరి మనిషి, మెయింటెనెన్సులో పైపుల పని చేసేవాడు. తొట్టి బాల్ వాల్వు బాగు చెయ్యడానికి లోపలికి వెళ్లాడట. పక్క గదిలో మూసి ఉంచిన మగ ఒరిక్స్ మధ్య తలుపు గడియను విరగ్గొట్టుకుని వచ్చేసింది. అది కొత్తగా తెచ్చిన జంతువు, మదం మీద ఉంది. మల్లేశ్ తొడలో అప్పటికే ఒక పోటు దిగింది. రెండు చేతులతో అదిమి పట్టుకున్నా వేళ్ల మధ్య నుంచి రక్తం కారుతోంది.

నేను వచ్చేలోపు పనివాళ్లు బయటి తలుపు బార్లా తీసి, డబ్బాలు మోగించారట. అది తలుపు వైపు ఒకసారి ఉరికి, బయటికి పోకుండా మళ్లీ మూలకే వచ్చిందట. మత్తుసూది గురించి ఆలోచించాను. అది ఎక్కడానికి కొన్ని నిమిషాలు కావాలి, సూది పోటుకు జంతువు మరింత రెచ్చిపోతుంది. ఆ నిమిషాలు మల్లేశ్‌కు లేవు.

అబూ ఫహద్ రెండు తూటాలూ అరచేతిలో పెట్టి నా ముందు చాచాడు.

“దొక్తోర్, ఏది?”

 జంతువు మాకు సరిగ్గా కింద, మూల వైపు తిరిగి, తల ఎత్తి నిలబడి ఉంది. ఆ స్థితిలో మెదడుకు వెనక నుంచి ఏటవాలుగా గురి పెట్టాలి, ఆ తూటా దారి నేరుగా మల్లేశ్ మీదికి పోతుంది. ఛాతీకి కొడితే వెంటనే పడదు. పడేలోపు ఎన్నిసార్లయినా పొడవగలదు. రాగి తొడుగు తూటా ఎటు నుంచి వేసినా బయటికొస్తుంది. కింద కాంక్రీటు. దాన్ని తాకి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. గుంట తూటాకు కొమ్ముల మొదట్లో ఉన్న గట్టి ఎముక అడ్డం.

మిగిలింది ఒకటే చోటు. కొమ్ముల వెనక, తలా మెడా కలిసే చోట మెత్తటి గుంట ఉంటుంది. అక్కడి నుంచి గడ్డం వైపు కొడితే గుంట తూటా సరిపోతుంది, లోపలే ఆగుతుంది. అయితే ఆ చోటు పైకి తిరగాలంటే జంతువు తల పూర్తిగా వంచాలి. అది తల వంచేది పొడిచేటప్పుడే.

అబూ ఫహద్‌కు ఇది వివరించాను. ఆయన నా ముఖంలోకి చూసి, మారు మాట్లాడకుండా గుంట తూటా నింపాడు. నడవ మీద బోర్లా పడుకుని, చేతులు కిందికి చాచి పట్టుకున్నాడు. ఆయన మోచెయ్యి వణకడం చూశాను. 

మల్లేశ్ పైకి చూశాడు. “సారూ, కాలు తిమ్మిరెక్కుతున్నది. కండ్లు తిరుగుతున్నయి.”

నేను ఆ మాట అడగాల్సి వచ్చింది.

“మల్లేశా, నేను చెప్పినప్పుడు తొట్టిని ఒక్క తన్ను తన్నాల. తన్నినాక తల గోడకానించి, కాళ్లు దగ్గరికి లాక్కో. ఏం జరిగినా లేయొద్దు.”

“తంతే పొడుస్తది గద సారూ.”

“తల వంచుతాది. వంచితేనే కాల్చేకి అయ్యేది.”

 కళ్లు మూసుకున్నాడు. స్పృహ తప్పాడేమో అనుకున్నాను. మెల్లగా తల ఊపాడు.

నేను తన్నమన్నాను. తొట్టి మోగింది. ఒరిక్స్ ముందు కాళ్లు ఎడంగా పెట్టి, గడ్డం ఎదకు ఆనించింది. కొమ్ములు సందులోకి దూరుతున్నాయి. కొమ్ముల వెనక తెల్లటి బొచ్చు పాయ విడి, ఆ చోటు మాకు కనబడింది.  కాల్చమని అబూ ఫహద్ భుజం మీద గట్టిగా చరిచాను.

రేకుల షెడ్డులో ఆ చప్పుడుకు కొంతసేపు చెవులు పనిచెయ్యలేదు. జంతువు నాలుగు కాళ్లూ ఒక్కసారిగా మడిచి, ఉన్నచోటనే కూలింది. మల్లేశ్ కదలడం లేదు. తూటా అతనికి తగిలిందనుకున్నాను. నిచ్చెన ఎలా దిగానో గుర్తు లేదు. తొట్టి మీద నుంచి వంగి మెడ పట్టి చూస్తే నాడి కొట్టుకుంటోంది. నా తలపాగా గుడ్డతో తొడకు కట్టు బిగించాను. పికప్ వెనక పడుకోబెట్టి అల్ ఖోబర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా అబూ ఫహద్ దేవుణ్ణి వేడుకుంటూ దువాలు చదువుతూనే ఉన్నాడు.

మల్లేశ్ బతికాడు. కాలు కొంచెం ఈడుస్తాడు. తర్వాత పంప్‌హౌస్ పనికి మారాడు, గదుల వైపు మళ్లీ రాలేదు. నేను రమ్మని అడగనూ లేదు. ఒరిక్స్ శవపరీక్షలో తూటా నాలుక మొదట్లో, విచ్చుకుని దొరికింది. ఆ వారంలోనే మధ్య తలుపులన్నింటికీ రెండేసి ఇనుప గడియలు పెట్టించాం. మనిషి లోపల ఉన్నంతసేపూ పైన నడవ మీద ఇంకొకరు కాపలా ఉండాలని నియమం పెట్టాం.

తర్వాత ఆ ఫారానికి వచ్చిన కొత్త డాక్టర్లు తూటాల గురించి నన్ను అడిగేవారు. జంతువు వెనక ఏముంది, కింద నేల ఎలాంటిది, తల ఎటు వంగి ఉంది, ఈ మూడూ తేల్చుకున్న తర్వాతే తూటా ఎంచుకోవాలని చెప్పేవాణ్ణి. అవి తేలకపోతే మంచి తూటా అనేది లేదు. చెయ్యి వణకడం గురించి కూడా చెప్పేవాణ్ణి. అది ఆగాక కాలుద్దామనుకుంటే ఆ రోజు మల్లేశ్ దక్కేవాడు కాడు.