జెండాలు లేని దండు

మొన్న ఎన్నికల కోడ్ వచ్చిందని మున్సిపాలిటీ వాళ్లు జనగామలో మా వీధి చివర నిచ్చెన వేసుకొని, కరెంటు స్తంభాలకు కట్టిన జెండాలన్నీ పీకి ట్రాక్టరు ట్రాలీలో పారేస్తుంటే, కూరగాయల సంచి చేతిలో పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు, అందులో తప్పేమీ లేదు. అయినా రిటైరై ఇంట్లో కూర్చున్న ఈ వయసులో కూడా అది చూస్తే నాకు లోపల మండుతుంది. ఎందుకో చెప్పాలంటే మా బావ బల్ల మీద ఆడిన యుద్ధాల నుంచి మొదలుపెట్టాలి.

బావ అంటే మా అక్క భర్త. భూపాలపల్లి బొగ్గు గనుల్లో సర్వే నక్షాలు గీసే ఉద్యోగం. అంతకుముందు కొన్నేళ్లు మిలిటరీలో గుమాస్తాగా ఉన్నప్పుడు, అక్కడొక అధికారి సీసపు బొమ్మ సైనికులను బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి, స్కేలుతో దూరం కొలిచి దండ్లను కదుపుతూ పాతకాలపు యుద్ధాలు ఆడేవాడట. ఆ పిచ్చి బావకు అంటుకుంది. పాత బ్యాటరీల సీసం కరిగించి, అచ్చుల్లో పోసి, వేలెడంత సైనికులను చేసేవాడు. ఆయన సొంతంగా చేసుకున్నది కాకతీయుల దండు. ఎదుటి పక్షం దేవగిరి యాదవులది, దాని యజమాని మా మేనమామ. ఆయన మానుకోటలో రైల్వే ఉద్యోగి. ఐతారం సెలవు వస్తే చాలు, బస్సులు మారి, డబ్బాలో తన గుర్రాలను పెట్టుకొని భూపాలపల్లిలో దిగేవాడు. ఇద్దరు పెద్దమనుషులు బొమ్మలతో ఆడుకుంటున్నారని క్వార్టర్లలో నవ్వేవారు, మా అక్క మాత్రం నవ్వకుండా, అన్నాలు చల్లారిపోతున్నాయని మాత్రమే కోప్పడేది.

నేనప్పుడు జనగామలో ఒక బడిలో కుట్టు టీచరుగా కొత్తగా చేరాను. సెలవులకు అక్క దగ్గరికి వెళ్తే, నా చేతి పని సన్నగా ఉంటుందని బావ జెండాల పని నాకు అప్పజెప్పాడు. అది ఎంత విసిగించే పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. గుడ్డతో చేస్తే అంత చిన్న ముక్క గాలికి ఎగిరినట్టు ఉండక అట్టలా బిగుసుకుపోతుంది. పట్టు ముక్క అంచులు దారాలు దారాలుగా ఊడిపోతాయి. కాగితం మీద రంగు వేసి ముడత పెడితే ముడత దగ్గర పగులుతుంది. ఎన్ని పారేశానో! చివరికి అయిపోయిన పేస్టు ట్యూబు ఒకటి, అప్పట్లో అవి రేకువే, చేతికొస్తే, దాన్ని కోసి, కడిగి, గరిటె కాడతో సాపు చేసి, రంగు వేసి, ఆరీ ఆరకముందే వేళ్లతో వంచి చూశాను. ఆ లోహపు రేకు ఎట్లా వంచితే అట్లా నిలిచింది, అచ్చం గాలికి రెపరెపలాడుతున్న గుడ్డలాగే. ఆ రోజు బావ ఆ జెండాను కిటికీ దగ్గర పెట్టుకొని చాలాసేపు చూశాడు. అప్పటి నుంచి తెలిసినవాళ్ల ఇండ్లలో పేస్టు ఎప్పుడు అయిపోతుందా అని కనిపెట్టుకొని ఉండేదాన్ని.

రేకు దొరికింది గానీ రంగు కుదరలేదు. కాకతీయులది వరాహం గుర్తు, దేవగిరి వారిది గరుడుడు, అంతవరకు ఇద్దరికీ పేచీ లేదు. ఏ రంగు గుడ్డ మీద ఆ గుర్తు ఉండేదో మాత్రం మాకు ఎక్కడా దొరకలేదు. బావ ఎరుపన్నాడు. పసుపుదైతేనే బల్లకు ఆ చివర నుంచి కనబడుతుందని మామ పట్టుబట్టాడు. ఒకసారి వేసింది గీకి మళ్లీ వేయడం, వేసింది చూసి వరాహం మేకలా ఉందనడం. వేసేదాన్ని నేనైనా నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఇంత పట్టింపు ఎందుకంటే ఆ ఆటలో జెండాకు ఒక నియమం ఉంది. జెండా పట్టిన సైనికుడు పడిపోతే ఆ దండు ధైర్యం చెడి వెనక్కి పారిపోవాలి. పైగా దూరం నుంచి చూస్తే రెండు సైన్యాల గుర్రాలూ ఒకే తీరుగా ఉండేవి, ఏవి ఎవరివో చెప్పేది ఆ జెండాలే.

కొన్నేళ్ల తర్వాత మా బడి వార్షికోత్సవానికి పిల్లలకు ఈ యుద్ధం చూపిద్దామని హెడ్మాస్టరు గారిని నేనే ఒప్పించాను. బావ సెలవు పెట్టి, సైన్యాన్ని దూదిలో చుట్టి ట్రంకు పెట్టెలో తెచ్చాడు. మామ మానుకోట నుంచి రైలెక్కి వచ్చాడు. జెండాలన్నీ అంతకుముందు కొన్ని నెలలు కూర్చొని, దాచిపెట్టిన రేకులతో నేను కొత్తగా వేసినవే, బావవి ఎరుపు, మామవి పసుపు. హాల్లో బల్లలు కలిపి, ఆకుపచ్చ దుప్పటి పరిచి, దండ్లను నిలబెట్టేసరికి నాకే ఒళ్లు పులకరించింది.

అప్పుడే పోలింగు కోసం గదులు చూసుకోవడానికి ఒక అధికారి వచ్చాడు. ఎన్నికల ప్రకటన వచ్చి కొద్దిరోజులే అయింది. ఆయన బల్ల దగ్గర ఆగి, ఈ జెండాలు తీసేయమన్నాడు. బావ నవ్వుతూ, ఇవి రాజుల కాలం నాటివని, ఏ పార్టీకీ సంబంధం లేదని వివరించబోయాడు. నేను ఉండబట్టలేక, ఈ వరాహం ఏ పార్టీ గుర్తో చూపించమన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"నాకెరికేనమ్మా. రేపు ఎవలన్న ఫొటో తీసి పేపర్ల ఏస్తే, నేను ఎంతమందికని చెప్పాలె? రంగు చూస్తరు గని బొమ్మ చూస్తరా?"

హెడ్మాస్టరు గారి ముఖం పాలిపోయింది. బావ ఇంకేమీ మాట్లాడకుండా వంగి, ఒక్కొక్క జెండానే కర్ర నుంచి ఊడదీయడం మొదలుపెట్టాడు. బంకతో అంటించినవి కదా, రేకు చిరిగింది, రంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. నేను కూడా ఒక పక్క నుంచి తీశాను. నా వేళ్లతో వంచిన ముడతలను నేనే సాపు చేసి డబ్బాలో వేయడం ఎట్లా ఉంటుందో చెప్పలేను.

పిల్లలు వచ్చారు. ఆ సైనికులు ఒట్టి కట్టెలు పట్టుకొని ఎందుకు నిలబడ్డారని అడిగారు. ఆట మొదలైన కాసేపటికే మధ్యలో కలిసిపోయిన గుర్రాలు ఎవరివన్న దాని మీద వాదన లేచింది. బావ తనవే అన్నాడు, మామ కాదన్నాడు. పిల్లలు చూస్తుండగా ఇద్దరి గొంతులూ పెరిగాయి. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, మామ పాచికలు కింద పెట్టి అన్నాడు.

"రూలు ప్రకారం చూస్తే మన రెండు దండ్లు ఎప్పుడో పారిపోవాలె అల్లుడా."

పిల్లలు నవ్వారు. బావ నవ్వలేదు. తన సైనికులను ఏరి ట్రంకులో పెట్టి, మూత వేశాడు.

ఎన్నికలు అయిపోయాక మళ్లీ వేసిస్తానన్నాను. అప్పటికి పేస్టు ప్లాస్టిక్ ట్యూబుల్లో వస్తోంది, అవి వంచితే నిలవవు. దవాఖానలో తెలిసిన నర్సమ్మను బతిమాలి ఖాళీ మలాము ట్యూబులు పోగుచేసి భూపాలపల్లికి పట్టుకెళ్లాను. ఇప్పుడెందుకులే అన్నాడు బావ. మామ కూడా ఒకటి రెండు ఐతారాలు వచ్చి, చాయ్ తాగి, ఊరికే కూర్చొని వెళ్లాడు. తర్వాత రావడం మానేశాడు. నాకు ఆ అధికారి మీద, హెడ్మాస్టరు మీద, మామ మాట మీద, అందరి మీదా కోపం. అటకెక్కించిన ట్రంకును దించని బావ మీద అందరికంటే ఎక్కువ కోపం.

పోయిన నెల అక్కను చూడడానికి వెళ్లినప్పుడు ఇన్నేళ్లకు నేరుగా అడిగేశాను, జెండాలు పోతే నేను మళ్లీ చేసేదాన్ని కదా అని. బావ ఫ్యాను వైపు చూస్తూ చిన్నగా అన్నాడు.

"జెండాలు పోయినందుకు కాదు. ఆయన తియ్యమనంగనే నేను తీసిన. జర ఆగమని ఒక్క మాట అనలే. అది యాదికొచ్చినప్పుడల్లా ఆట మీద మనసు పోలే."

అన్నేళ్లూ నేను కోపగించుకున్నది ఒకందుకు, ఆయన లోపల నలిగింది ఇంకొకందుకు. అక్క తెచ్చిన చాయ్ తాగాను.

ఇప్పుడు ఏ రాజు జెండా కావాలన్నా రంగులతో సహా అచ్చేసి ఇంటికే పంపుతారట, కోసి అంటించుకోవడమే. మంచిదే, ఎవరి కళ్లూ పాడుకావు, ఎవరి పేస్టు కోసమూ కాచుకొని కూర్చోనక్కర్లేదు. కానీ మామకు మాత్రం మానుకోట నుంచి ఐతారం పూట భూపాలపల్లికి రావడానికి ఇప్పుడు ఏ సాకూ లేదు. ఎవరి పెళ్లిలోనో కనబడతాడు, మోకాళ్ల సంగతి చెబుతాడు, బంతిలో బావ పక్కనే కూర్చొని భోంచేస్తాడు. ఇద్దరూ ఒకరి విస్తరిలోకి ఒకరు చూసుకుంటూ కూర పర్వాలేదంటారు, ఆ తర్వాత ఎవరి బస్సు వాళ్లు ఎక్కుతారు.